నాన్న నాలుగు రింగులే చూస్తాడు

నాన్న నరసన్నపేటలో ఒక్కడే ఉంటాడు, నేను విజయనగరంలో. ఫోన్ చేస్తే నాలుగు రింగులు చూసి, పనిలో ఉన్నాననుకుని పెట్టేస్తాడు. మళ్లీ చేయడు. ఆ రాత్రి షుగర్ పడిపోయి చేశాడు. ఫోన్ నా చేతిలోనే ఉంది, ఒక్కసారి మోగి ఆగిపోయింది. తిరిగి చేస్తే ఎత్తలేదు. పక్కింటి పిన్నికి చేస్తే ఆవిడ వెళ్లి పంచదార నీళ్లు పట్టించింది. ఆ పావుగంట నేను కూర్చోలేకపోయాను.

నా ఫోన్ ఆలస్యంగా మోగుతోందని మర్నాడు గంటస్తంభం దగ్గర ఒక షాపులో చూపిస్తే "సాఫ్ట్‌వేర్ కొట్టాలి, డేటా మొత్తం పోతుంది" అన్నారు. వద్దని వచ్చేశాను.

ఇంట్లో ముందు నా కాలర్ ట్యూన్ తీసేశాను, పాట వస్తుంటే రింగులు లెక్కపెట్టలేం కాబట్టి. రెండు ఫోన్లూ బల్ల మీద పక్కపక్కన పెట్టి, మా ఆవిడ ఫోన్ నుంచి స్పీకర్‌లో చేశాను. కాసేపు నిశ్శబ్దం. తర్వాత ఆమె ఫోన్‌లో ఒక రింగు, రెండో రింగు... నా స్క్రీన్ నల్లగానే ఉంది. మూడో రింగుకి గానీ వెలగలేదు.

అంటే ఆలస్యాలు రెండు. ఆ నిశ్శబ్దం నెట్‌వర్క్‌ది. నా ఫోన్‌లో వోల్టీ, అంటే 4జీ మీదే కాల్ నడిపే సెట్టింగ్, ఆపేసి ఉంది. అది లేకపోతే 4జీలో ఉన్న ఫోన్ కాల్ వచ్చినప్పుడల్లా 2జీకో 3జీకో దిగి మోగాలి. ఆన్ చేశాక ఆ ఖాళీ బాగా తగ్గింది.

రెండోది ఫోన్‌దే. కాలర్ ట్యూన్ లేనప్పుడు అవతల రింగు వినబడిందంటే కాల్ నా ఫోన్ దాకా వచ్చేసినట్టే. ఆపైన ఫోన్ యాప్ లేచి, పేరు వెతికి, స్క్రీన్ వెలిగించి మోగించాలి. నా 64 జీబీలో ఒక్క జీబీ కూడా ఖాళీ లేదు, నిండా వాట్సాప్ వీడియోలే. పైగా తెలియని నంబర్ల పేర్లు చూపించే యాప్ ఒకటి ప్రతి కాల్‌కీ మధ్యలో దూరుతోంది. ఆ యాప్ తీసేశాను, వీడియోలు చెరిపేశాను, ఫోన్ యాప్‌కి బ్యాటరీ సేవర్ అడ్డు రాకుండా పెట్టాను. రింగ్‌టోన్ మెల్లగా మొదలై పెరిగే సెట్టింగ్ కూడా ఆపాను. ఒక్కో మార్పుకీ ఒక్కో కాల్ చేసి చూశాం. వీడియోలు పోయాకే ఎక్కువ తేడా కనబడింది.

సాయంత్రం నాన్న చేశాడు. మొదటి రింగుకే ఎత్తాను.

"ఏటిరా, ఇంత బేగి ఎత్తేసినావు?" అన్నాడు.