నాలుగు రోజుల ముసురును దాటించే బ్యాటరీ

చిత్తూరులో ఇన్వర్టర్ బ్యాటరీల షాపు పెట్టి పంతొమ్మిదేళ్లయింది. ఇన్నేళ్లలో నా దగ్గర జవాబు లేని ప్రశ్న ఒకటి పోయిన కార్తీకంలో ఎదురైంది.

గుడిపాల దగ్గర ఒక పెద్దాయన ఇంటికి వెళ్లాను. మిద్దె మీద సోలార్ పలకలు, కొట్టంలో మూడు ఆవులు. మూడు రోజులుగా ముసురు. లైన్ మీద చెట్టు పడి కరెంటు లేదు. హైడ్రోమీటర్ పెట్టి చూస్తే బ్యాటరీ యాసిడ్ గ్రావిటీ 1150కి దిగిపోయి ఉంది, అంటే చార్జి దాదాపు అయిపోయినట్టే. "ఎండొచ్చే దాకా నిలబడే బ్యాటరీ ఏదీ లేదా నాయనా?" అన్నాడాయన.

అక్కడే లెక్క వేశాను. ఇంటికి రోజుకు 5 యూనిట్లు అనుకుంటే నాలుగు రోజులకు 20. 12 వోల్టుల 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీలో కాగితం మీద ఉండేది 1.8 యూనిట్లు. అంటే పన్నెండు బ్యాటరీలు కావాలి. అవీ అడుగంటా వాడితే సల్ఫేషన్ పట్టి, అంటే లోపలి పలకల మీద సల్ఫేట్ గట్టిపడి, త్వరగా పాడవుతాయి. ఏడాదికి నాలుగైదు సార్లు వచ్చే ముసురు కోసం అంత డబ్బు ఎవరు పెడతారు?

గ్రిడ్‌కూ ఇదే చిక్కు. ఇప్పుడు గ్రిడ్‌కు పెడుతున్న లిథియం బ్యాటరీలు ఎక్కువగా రెండు నుంచి నాలుగు గంటలకు లెక్కగట్టినవి. మధ్యాహ్నం ఎండను సాయంత్రానికి దాచడానికి అవి చక్కగా సరిపోతాయి. కానీ నవంబరులో బంగాళాఖాతంలో వాయుగుండం పుడితే మన జిల్లాకు సూర్యుడు మళ్లీ ఎప్పుడు కనిపిస్తాడో తెలియదు. 2021లో తిరుపతి వీధులు వాగులైన ఆ వానలు మరిచిపోగలమా?

అందుకే ఐరన్-ఎయిర్ బ్యాటరీ గురించి చదివినప్పుడు ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అందులో పని చేసేది తుప్పే! ఇనుము గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని తుప్పు పడుతూ కరెంటు ఇస్తుంది. తిరిగి కరెంటు ఎక్కిస్తే తుప్పు మళ్లీ ఇనుమవుతుంది, ఆక్సిజన్ బయటికి పోతుంది. లోపలి ద్రావణం నీళ్లలో కలిపిన క్షారం, కాబట్టి అంటుకుని మండదు. అమెరికాలో ఫామ్ ఎనర్జీ (Form Energy) అనే కంపెనీ వీటిని వంద గంటలు, అంటే నాలుగు రోజులకు పైగా కరెంటు ఇచ్చేలా తయారు చేస్తోంది. మిన్నెసోటాలో వాళ్లు తలపెట్టిన మొదటి ప్రాజెక్టు 1.5 మెగావాట్ల చొప్పున వంద గంటలు, అంటే 150 మెగావాట్ అవర్లు. ఖర్చును లిథియంలో పదో వంతుకు దించాలన్నది వాళ్ల లక్ష్యం.

లోపం పెద్దదే ఉంది. ఎక్కించిన కరెంటులో సగం, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పోతుంది. చార్జింగ్‌లో కొంత కరెంటు నీళ్లను విడగొట్టి హైడ్రోజన్‌గా లేచిపోవడం అందుకు ఒక కారణం. మన లెడ్ బ్యాటరీలో బుడగలు లేచి నీళ్లు తగ్గేది కూడా ఇలాగే. రోజూ నింపి రోజూ ఖాళీ చేసే పనికి ఇది దండగ. కానీ మిట్టమధ్యాహ్నం వాడేవాళ్లు లేక సోలార్‌ను ఆపేయాల్సిన రోజుల్లో మెల్లగా నింపి, ముసురుకు దాచుకుంటే? ఆపేస్తే మొత్తం పోయేదే కదా, సగానికి దగ్గరగానైనా చేతికొస్తుంది. బరువు కూడా అడ్డు కాదు. కారుకైతే ప్రతి కిలో లెక్కే, సబ్‌స్టేషన్ పక్కన నేల మీద కూర్చునేదానికి బరువెంతైతే ఏం?

ఆ రోజు పెద్దాయనకు ఇంకో బ్యాటరీ కలిపి, కొట్టం లైటుకు విడిగా వైరు లాగాను. మొన్న ఫోన్ చేసి ఈ సంగతంతా చెప్పాను. ఇది ఇంటికొచ్చేది కాదు, సబ్‌స్టేషన్లో పెట్టేది అన్నాను. చాలాసేపు విని, "గుడిపాలకు ఎప్పుడొస్తుంది?" అని అడిగాడు.