చీమకుర్తి రోడ్డు దుమ్ము, మా కారు ఏసీ ఫిల్టర్

మార్చి చివర, 41,300 కిలోమీటర్లు: బ్లోయర్ నాలుగులో పెట్టినా హోరే తప్ప గాలి రావడం లేదు. "ఏసీ వేస్తే తుమ్ములొస్తున్నాయి, అద్దాలు దించరా" అంది అమ్మ. గ్యాస్ అయిపోయిందేమోనని ముందు టెన్షన్ పడ్డాను. కానీ వచ్చే ఆ కాస్త గాలీ చల్లగానే ఉంది. గ్యాస్ తగ్గితే చల్లదనం తగ్గాలి, గాలి కాదు. అనుమానం ఫిల్టర్ మీదకు పోయింది.

ఒంగోలు నుంచి చీమకుర్తికి రోజూ నా తిరుగుడు. అక్కడ గెలాక్సీ గ్రానైట్‌ను నీళ్లు పోస్తూ కోస్తారు. ఆ బురద ఎండితే పిండిలాంటి పొడి. ముందు రాళ్ల లారీ వెళ్తుంటే చాలు, రోడ్డు మీద పడ్డదంతా పైకి లేస్తుంది.

మాది స్విఫ్ట్. డాష్‌బోర్డు అరలో సామానంతా తీసేసి, దాని రెండు పక్క గోడల్నీ లోపలికి నొక్కితే అర కిందికి వాలుతుంది. వెనక ప్లాస్టిక్ మూత, దాని వెనకే ఫిల్టర్. పేపరు పరిచి మెల్లగా లాగాను. మడతలన్నీ బూడిదరంగు పొడితో పూడిపోయాయి, మధ్యలో ఎండిన వేపపూత, రెండు నల్లబడ్డ ఆకులు. బండి పెట్టేది వేపచెట్టు కిందే మరి.

పోయినసారి పంక్చర్ షాపులో గాలి కొట్టించి అదే పెట్టాను. అది పొరపాటు. లైటుకు ఎదురుగా పట్టి చూస్తే పోగులు విడిపోయి చుక్కలు చుక్కలుగా వెలుతురు కనిపించింది. అక్కణ్ణుంచి దూరిన దుమ్ము లోపల తడిగా ఉండే కూలింగ్ కాయిల్‌కు అంటుకుంటుంది, ముక్క వాసనకు అదే మూలం. కడగడం కూడా వద్దు.

కొత్తది 350 రూపాయలు. వాసన పీల్చే బొగ్గుపొర ఉన్న కార్బన్ ఫిల్టర్ వాసనలకు మంచిదే, కానీ మన బాధ దుమ్ము. మామూలుదే కొని త్వరగా మార్చుకోవడం నయం. ఫిల్టర్ కూర్చునే అరను తడిగుడ్డతో తుడిచి, గాలి దిక్కు చూపే బాణాన్ని పాతదాని ఫొటోతో సరిపోల్చి పెట్టాను. ఫిల్టర్ లేకుండా బ్లోయర్ మాత్రం వేయకండి.

జూన్, 44,600: తీసి చూశాను. పైమడతలే మాసాయి. లారీ వెనక ఉన్నంతసేపూ బయటిగాలి రాకుండా రీసర్క్యులేషన్ నొక్కుతున్నాను, తేడా బాగా తెలుస్తోంది. వైపర్ల కింది జాలీలో ఇరుక్కున్న ఆకులు కూడా ఏరేశాను.

బ్లోయర్ ఇప్పుడు రెండులోనే సరిపోతోంది. నిన్న కొత్తపట్నం వెళ్లి వచ్చేదాకా అమ్మ అద్దం దించమనలేదు. మళ్లీ 48,000 దగ్గర విప్పుతాను.