జవాబు రాని వాళ్ళ సాక్ష్యం

మా వైపు చర్చిల్లో సాక్ష్యాల టైమ్ ఎలా ఉంటుందో మీకు తెలిసిందే. ఒకరు లేచి వందనాలు చెప్పి మా వాడికి జాబ్ వచ్చింది అంటారు, ఇంకొకరు మొదటి స్కానింగ్‌లో గడ్డ కనపడింది మళ్ళీ తీయిస్తే ఏమీ లేదన్నారు అంటారు, మరొకరు ఏళ్ళ తరబడి నలుగుతున్న స్థలం తగాదా తీరిపోయిందంటారు, అందరం స్తోత్రం అంటాం. వాటి మీద నాకు ఏ కంప్లైంటూ లేదు, వింటుంటే నిజంగా సంతోషంగానే ఉంటుంది. కాకపోతే అడిగి అడిగి జవాబు రాని వాళ్ళు కూడా అదే చాప మీద కూర్చుని ఉంటారు కదా, వాళ్ళని లేపి మీరూ రెండు మాటలు చెప్పండమ్మా అని ఎవరూ అడగరు. నా మట్టుకు నేను ఇన్నేళ్ళుగా విశ్వాసంలో నిలబడ్డానంటే ఎక్కువగా వీళ్ళని చూసే.

బైబిల్లో హెబ్రీ పత్రిక 11వ అధ్యాయం మనకి సండే స్కూల్లోనే బట్టీ పట్టించేస్తారు, హేబెలు, హనోకు, నోవహు, అబ్రాహాము, శారా అంటూ. విశ్వాస వీరుల అధ్యాయం అని పేరు. (అందులో సమ్సోను, యెఫ్తా పేర్లు కూడా ఉన్నాయి, వాళ్ళు చేసిన తప్పులకి మా సంఘంలో అయితే ఆ ఇద్దరినీ కమిటీ గుమ్మం కూడా ఎక్కనివ్వరు, అది వేరే విషయం.) కన్వెన్షన్లలో ఈ అధ్యాయం చెప్పేవాళ్ళు చాలామంది సింహాల నోళ్ళు మూశారు, అగ్ని బలాన్ని చల్లార్చారు, సైన్యాల్ని పారదోలారు అనే దాకా గొంతు పెంచుకుంటూ వెళ్ళి అక్కడ ఆపేస్తారు. ఆ తర్వాత 35వ వచనం చూడండి, స్త్రీలు చనిపోయిన తమ వాళ్ళని మళ్ళీ బతికి రాగా పొందారు అని సగం వరకు చెప్పి, అదే వచనం మిగతా సగంలో కొందరు విడుదల కూడా వద్దనుకుని యాతన పడ్డారు అంటాడు. ఇంక అక్కణ్ణుంచి కొరడా దెబ్బలు, సంకెళ్ళు, రాళ్ళు, రంపాలు, గొర్రె తోళ్ళు కప్పుకుని కొండల్లో గుహల్లో తిరగడాలు. ఒకళ్ళ ఇంట్లో చచ్చినవాడు లేచాడు, ఇంకొకళ్ళని రంపంతో కోశారు, ఇద్దరూ ఒకే లిస్టులో ఉన్నారు, రెండో వాళ్ళకి విశ్వాసం తగ్గింది అందుకే ఇలా అయింది అని రాసినాయన ఎక్కడా అనలేదు. పైగా 39లో వీళ్ళెవరికీ వాగ్దానం చేతికి రాలేదని ఓపెన్‌గా ఒప్పుకుని, వెంటనే 12వ అధ్యాయం మొదట్లో మేఘంలా మన చుట్టూ ఉన్న సాక్షులు వీళ్ళే, కాబట్టి ఓపికతో పరుగెత్తండి అంటాడు. గెలిచినోళ్ళని మాత్రమే ఏరి చూపించి ఉంటే ఆ మాట నాలాంటోడికి అస్సలు ఎక్కేది కాదు.

మా అమ్మ వాళ్ళది శ్రీకాకుళం జిల్లా సోంపేట వైపు, ఉద్దానం. అక్కడి కిడ్నీ జబ్బు గురించి పేపర్లలో చదివే ఉంటారు, కవిటి, సోంపేట, కంచిలి, పలాస, మందస, వజ్రపుకొత్తూరు, ఎటు వెళ్ళినా ఇదే గొడవ, ఇంతమంది డాక్టర్లు వచ్చి పరీక్షలు చేశారు గానీ కారణం ఇదీ అని ఇప్పటికీ గట్టిగా తేలలేదు. వేరే ఊళ్ళో మనుషులు ఎదురుపడితే భోజనం అయిందా అంటారు, అక్కడ క్రియాటిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తుందో చెప్పే రక్త పరీక్ష, క్రియాటినిన్) ఎంతొచ్చింది అంటారు, చదువు రాని వాళ్ళకి కూడా ఆ నంబర్ నోటికి తెలుసు.

ఆ ఊరి చర్చిలో ఒక మామ్మ ఉంది. జీడి బట్టీలో పిక్కలు కొట్టే పని చేసింది చాన్నాళ్ళు, జీడి రసం వల్ల వేళ్ళ సందులు, గోళ్ళ చుట్టూ నల్లగా మచ్చలు పడిపోయి అలాగే ఉండిపోయాయి. తాతకి కిడ్నీలు పోయాయి. వారానికి ఇన్నిసార్లని డయాలసిస్‌కి తీసుకెళ్ళడం, రావడం, ఒక పూట కూలి పోవడం, ఆవిడ చేసినవి చేసింది, సంఘమంతా ఉపవాసాలుండి ప్రార్థన చేసింది, బయట నుంచి వచ్చిన దైవసేవకులు తల మీద చెయ్యేసి బాగైపోతుంది అని గట్టిగా చెప్పి మరీ వెళ్ళారు. తాత పోయాడు. అలా చెప్పినోళ్ళు మళ్ళీ ఆ ఇంటి వైపు రాలేదు, అది నాకు ఇప్పటికీ కోపమే.

మీ ఇళ్ళల్లో కూడా ఉండే ఉంటుంది, అన్నం వండే ముందు ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి పక్కన డబ్బాలో వేసి ఆదివారం చర్చికి తేవడం. తాత మంచం మీద ఉన్న రోజుల్లో ఇంట్లో కోటా బియ్యమే ఆధారం, ఆవిడ అప్పుడు కూడా ఆ పిడికెడు మానలేదు. చిన్న గుడ్డ మూటలో తెచ్చి ముందున్న గంపలో ఒంపి, గుడ్డ దులిపి, నాలుగు మడతలు పెట్టి నడుం దగ్గర దోపుకుని వెళ్ళి కూర్చునేది. తాత పోయిన తర్వాత ఆదివారం కూడా తెచ్చింది. నేను ఉండబట్టలేక అడిగేశాను, మామ్మా, అంత ప్రార్థన చేశాం కదా, నీకు దేవుడి మీద కోపం రాలేదా అని. "ఎందుకు రాదు బావూ, వొచ్చింది. ఆయన్తోనే సెప్పీసినాను. బాగవనేదని ఆయన్తో మాటాడ్డం మానీమంటావేటి?" అంది, అని నా ప్లేట్లో ఇంకో గరిటె కూర వేసింది. దీని మీద నేను విన్న ప్రసంగాలు చాలానే ఉన్నాయి, ఏదీ ఇంత సూటిగా లేదు.

మన జిల్లాల్లో మనం చేతిలో పట్టుకుని తిరిగే తెలుగు బైబిల్ వెనక కూడా ఇలాంటి వాళ్ళే ఉన్నారు. 1805లో లండన్ మిషనరీ సొసైటీ నుంచి జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అని ఇద్దరు విశాఖపట్నంలో దిగారు, తెలుగు నేర్చుకున్నారు, బ్రాహ్మణ కుటుంబం నుంచి క్రీస్తులోకి వచ్చిన ఆనందరాయర్ సాయంతో సువార్తలు తెలుగులోకి తేవడం మొదలుపెట్టారు. 1809లో క్రాన్ పోయాడు, 1810లో డెస్ గ్రాంజెస్ పోయాడు. మత్తయి, మార్కు, లూకా బెంగాల్లోని శ్రీరాంపురంలో అచ్చయి బయటికి వచ్చింది 1812లో. ఆ పుస్తకం ఇద్దరిలో ఒక్కరి చేతికీ రాలేదు. తిత్లీ తుఫాను తర్వాత, 2018లో, మా ఉద్దానంలో తోటలకి తోటలు పడిపోతే వయసైపోయిన రైతులు కూడా మళ్ళీ కొబ్బరి మొక్కలు పెట్టారు, ఆ కాయ తాము తింటామో లేదో వాళ్ళకీ తెలుసు, ఈ ఇద్దరి సంగతి చదివినప్పుడల్లా నాకు వాళ్ళే గుర్తొస్తారు.

శామ్యూల్ డే అని అమెరికన్ బాప్టిస్ట్ ఆయన సంగతీ అంతే. 1836లో విశాఖపట్నం వచ్చి, కొన్నాళ్ళు మన శ్రీకాకుళంలో ఉండి, మద్రాసు వెళ్ళి, చివరికి 1840లో నెల్లూరు చేరాడు. ఫలితం లేదు, ఈ తెలుగు మిషన్ మూసేద్దామా అని అమెరికాలో ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ చర్చ పెట్టారు. ఆరోగ్యం పాడై డే 1853లో వెనక్కి వెళ్ళిపోయాడు, 1871లో పోయాడు. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. మనం ఆ 2,222 అంకె చెప్పి, అప్పటి ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారి పేరు చెప్పి ఊరుకుంటాం, ముందు ఏళ్ళ తరబడి దగ్గర దగ్గర ఖాళీ చేతుల్తో తిరిగిన డే పేరు మన శ్రీకాకుళం వాళ్ళకే తెలియదు.

పురుషోత్తమ చౌదరి గారు (1803–1890) కూడా మన పర్లాకిమిడి, శ్రీకాకుళం ప్రాంతంలో తిరిగిన మనిషే, బ్రాహ్మణ కుటుంబం, 1833లో బాప్తిస్మం. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో ఆయనవి ఎన్ని ఉన్నాయో చూడండి, చావు ఇంట్లో సొంతంగా ప్రార్థన చేయడానికి మాట రానప్పుడు మనవాళ్ళు ఎత్తుకునేవి ఆ పాతకాలం కీర్తనలే, కీబోర్డు ఉండక్కర్లేదు, డ్రమ్స్ ఉండక్కర్లేదు.

గ్లాడిస్ స్టెయిన్స్ గారి గురించి ఒక్క మాట. 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో బారిపదలో కుష్టు రోగుల మధ్య పనిచేసే మిషనరీ, ఆవిడ భర్త గ్రాహంనీ, కొడుకులు పదేళ్ళ ఫిలిప్‌నీ, ఆరేళ్ళ తిమోతీనీ జీపుతో సహా తగలబెట్టి చంపేశారు. ఆవిడ క్షమించానన్న సంగతి ప్రతి బోధకుడూ చెప్తాడు, చెప్పాల్సిందే. నాకు అంతకంటే పెద్దగా కనపడేది ఏంటంటే ఆవిడ 2004 వరకు అదే బారిపదలో ఉండి ఆ కుష్టు రోగుల పనే చూసుకుంది. క్షమించానని చెప్పడానికి ఒక రోజు చాలు, మర్నాడు లేచి అవే గాయాలకి కట్లు కట్టించే పని చూడ్డం, అలా ఏళ్ళ తరబడి చూడ్డం వేరే లెవెల్. భర్త తిరిగి రాడు, పిల్లలు తిరిగి రారు, అయినా ఆవిడ అక్కడే ఉంది.

ఇదంతా మా పాస్టర్ అయ్యగారితో చెప్పి, నెలకోసారైనా ఇంకా జవాబు రాని వాళ్ళకి సాక్ష్యం చెప్పే టైమ్ ఇవ్వండి అన్నాను. కొత్తగా వచ్చినవాళ్ళ విశ్వాసం పడిపోతుందేమో అన్నారు ఆయన. ఆ భయం ఊరికే కొట్టిపారేసేది కాదు, కానీ నేను చూసినంతలో కొత్తవాళ్ళు జారిపోయేది అందరికీ పనులు అయిపోతున్నాయి నాకే అవ్వట్లేదు, నాలోనే ఏదో తేడా ఉంది అనుకునే దగ్గర. ఆ మాటే చెప్పాను. చూద్దాం, శుక్రవారం ఉపవాస ప్రార్థనలో అన్నారు, అక్కడి వరకు వచ్చింది.

ఒకరిద్దరు స్నేహితులు నన్ను అంటున్నారు, అయితే ఇంక స్వస్థత కోసం అడగొద్దా, రానిది రాదని ఊరుకోవాలా అని. ఆ మామ్మనే చూడండి. చర్చిలో ప్రార్థన మనవుల చీటీలు వేసే డబ్బా ఉంటుంది కదా, రాయడం రాదు కాబట్టి ఎవరితోనో రాయించి ప్రతి వారం ఒకటి వేస్తుంది. ఊళ్ళో ఫలానా వాళ్ళ క్రియాటిన్ తగ్గాలి, ఫలానా వాళ్ళ కోడలికి సుఖ ప్రసవం కావాలి. మొన్న వెళ్ళినప్పుడు నన్ను పట్టుకుని రాయించింది, మనవరాలు డీఎస్సీ రాసింది, పోస్టు రావాలి అని. జిల్లాలోనే రావాలని కూడా రాయి బావూ, దూరమైతే నేనెల్లలేను అంది, రాశాను.