గునుగు పూలతో చెల్లి పెళ్లి పందిరి: 40 రోజుల లెక్క

పెళ్లికి 40 రోజులు
డెకరేషన్ వాళ్లు మా ఊరికొచ్చి చేయడానికి 85 వేలు అడిగారు, అందులో సగం పూలు ప్లాస్టిక్‌వే. మండపం, గేటు, భోజనాల షెడ్డు మూడూ 15 వేలల్లో నేనే చేస్తానని ఇంట్లో మాటిచ్చేశాను. సద్దుల బతుకమ్మ దగ్గర పడింది, గట్ల మీద ఎటు చూసినా గునుగు తెల్లగా విరగబూసి ఉంది, ఆ ధైర్యమే. నాయిన మాత్రం "గునుగుతోని పెండ్లి పందిరేందే, వచ్చినోళ్లు బతుకమ్మ ఆడిపోతరు" అన్నడు.

38 రోజులు
పత్తి చేలో గునుగు కలుపే కాబట్టి కోసుకుంటామంటే ఎవరూ వద్దనలేదు, కానీ మందు ఎప్పుడు కొట్టారో అడగకుండా చేలో దిగొద్దు. రెండు పొద్దుల్లో నాలుగు గోనెసంచులు నిండాయి. కొస గులాబీ రంగులో ఉన్న లేత కంకులే తీసుకున్నాం, ముదిరితే కింది నుంచి గింజ రాలుతుంది. అడుగున్నర కాడ ఉంచి, ఆకులు దూసేసి, 25 కాడలకో కట్ట చొప్పున రబ్బరు బ్యాండు వేశాం. మొదట పురికొసతో కట్టా గానీ కాడలు ఎండి సన్నబడేసరికి కట్టలు జారి కింద పడ్డాయి, రబ్బరు బ్యాండైతే కాడతో పాటే బిగుస్తుంది. వెనక గదిలో దండేనికి తలకిందులుగా వేలాడదీశాం. ఎలా ఉంటుందోనని ఒక కట్ట ఎండలో పెడితే నాలుగు రోజుల్లో వెలిసిపోయింది.

24 రోజులు
ఎండాయి. ముట్టుకుంటే కాగితంలా గరగరమంటున్నాయి, కొసన గులాబీ రంగు కాస్త తగ్గింది గానీ పోలేదు. గది నేల మీద మాత్రం ఆవగింజ కన్నా చిన్నవి, నల్లగా నిగనిగలాడే గింజలు, చెప్పుల్లేకుండా నడిస్తే అరికాలికి అంటుకుంటున్నాయి. ఇవి పెళ్లిలో తలంబ్రాలతో కలిస్తే చూడాలి! పాత చీర పరిచి 110 కట్టలూ దులిపాను. బతుకమ్మకి అద్దినట్టు 30 కట్టలకి రంగు కూడా అద్దాను, తర్వాత తడి చెయ్యి తగిలితే అంటుతోందని తెలిసి వాటిని గేటుకే పరిమితం చేశాను. పట్టుచీరల దగ్గర రంగు గునుగు వద్దు.

వాగు ఒడ్డు నుంచి రెల్లు కూడా తెచ్చాం. ఫొటోలో అద్భుతం. ఫ్యాను వేస్తే గదంతా దూది. హెయిర్ స్ప్రే కొట్టినా పూర్తిగా ఆగలేదు, భోజనాల వైపు ఆలోచనే మానేశాను.

17 రోజులు
తంగేడు పరీక్ష. ఒకే పొద్దున కోసిన మూడు కట్టలు: ఒకటి ఊరికే నేల మీద, ఒకటి బకెట్ నీళ్లలో, ఒకటి తడి గోనెలో చుట్టి. నేల మీదది మధ్యాహ్నానికే వాడింది, గోనెలోది సాయంత్రం దాకా ఆగింది, బకెట్లోది మర్నాడు ముట్టుకోగానే రేకులు రాలాయి. అంటే పెళ్లి పొద్దున్నే కోయాలి, వేరే దారి లేదు.

ఇదే రోజు మా మేనత్త కొడుకు "బొకేల్లో పెట్టే తెల్లపూలు, జిప్సోఫిలా లాగుంది కదక్కా" అంటూ చేతినిండా వయ్యారిభామ కలుపు పట్టుకొచ్చాడు. రాత్రికి మోచేతుల దాకా దద్దుర్లు. ఆ తెల్లటి చిన్న పూలు ఎంత ముద్దొచ్చినా సరే, పెళ్లింట్లోకి తేవద్దు.

1 రోజు
నీళ్లు పట్టి ఉంచే స్పాంజి కొనలేదు. అరటి బోదెని జానెడు ముక్కలుగా కోసి, మేకుతో బెజ్జాలు చేసి కాడలు గుచ్చితే చాలు, బోదెలోనే తేమ ఉంటుంది. దాని నీరు బట్టకంటితే మరక పోదు, కాబట్టి ముక్క కింద పాలిథిన్ కవరు చుట్టాం. గునుగు మాలలు రాత్రి 11 కల్లా నాలుగు స్తంభాలకీ ఎక్కేశాయి.

పెళ్లి రోజు
తెల్లారి 5కి నలుగురం టార్చిలైట్లతో గుట్ట కింద తంగేడు కోసి, తడి గోనెల్లో తెచ్చి, ఏడున్నరకి గుచ్చేశాం. తప్పెక్కడ జరిగిందంటే తూర్పు స్తంభాలకి కూడా తంగేడే పెట్టా, ముహూర్తానికి ఎండ నేరుగా పడి ఆ రెండూ తల వేలాడేశాయి. పక్కనే బంతి ఉండబట్టి అంతగా కనబడలేదు. గునుగు మాత్రం కదల్లేదు.

ఖర్చు: కర్రలు, గుడ్డ అద్దె 4,500, ట్రాలీ ఆటో 1,800, ఇద్దరు కూలీలకి 1,600, బంతి 20 కిలోలు 1,400, సాయం వచ్చినవాళ్లకి టిఫిన్లు 1,200, వైరూ పురికొసా 900. మొత్తం 11,400. నా ఆరు శనాదివారాలు ఇందులో వేయలేదు.

గునుగు కట్టలు 60 దాకా అటక మీద ఉన్నాయి. చిన్నమ్మ కూతురి పెళ్లికి అడిగారు, ఇస్తానన్నా, దులిపే పని మాత్రం వాళ్లదే.