అరఠావుల మీద ఒక కథ: నా అనుభవం

బోరు ఎండిపోయిన వేసవిలో మా అవ్వ తన ఎనుమును, అంటే బర్రెను, సంతకు తోలిన సంగతిని కథగా రాయాలని మూడుసార్లు ఫోనులో మొదలుపెట్టి మూడుసార్లూ వదిలేశాను. ఎనుము అని కొట్టబోతే ఎనిమిది అన్న పదం ముందుకు వచ్చేది; పోతాండావు అన్న మాట నేను చూడకుండానే పోతున్నావుగా మారేది. మొదట్లో ఓపికగా దిద్దాను, తర్వాత విసిగి ఊరుకున్నాను. ఒక రాత్రి మొత్తం చదువుకుంటే మా అవ్వ రేడియోలో వార్తలు చదివే మనిషిలా మాట్లాడుతోంది. మరుసటి రోజు కడప ఏడురోడ్ల దగ్గర రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్కు ఒకటి కొన్నాను.

ఏప్రిల్ నెల కావడంతో మొదటి కష్టం చెమట తెచ్చిపెట్టింది. జెల్ పెన్నుతో రాస్తే అరచేయి ఒత్తుకున్నచోటల్లా అక్షరాలు అలుక్కుపోయాయి. ఇంకు పెన్ను పలుచని కాగితం అవతలి వైపుకు దిగింది. చివరికి మామూలు బాల్ పెన్నుతో, చేతి కింద మడతపెట్టిన రుమాలు ఉంచుకుని, ఎండ ముదరకముందే రాయడం అలవాటు చేసుకున్నాను. ఆ గంటన్నర సేపు ఫోను బీరువాలో ఉండేది. 'ఏం నాయనా, కరెంటు బిల్లు లెక్కలా రాస్తాండావు?' అని మా అమ్మ అడిగితే, ఆ మాటనే ఆ రోజు పేజీలో అవ్వ నోట పెట్టాను.

కుడివైపు పేజీలోనే రాసి, ఎడమవైపు పేజీని దిద్దుబాట్లకు ఖాళీగా వదలడం నాకు బాగా పనికివచ్చిన పద్ధతి. కొట్టివేసిన మాటను పూర్తిగా నల్లగా పులమకుండా ఒక్క గీతతో సరిపెట్టాను, ఎందుకంటే నాలుగు రోజుల తర్వాత చూస్తే కొట్టేసిన మాటే మేలని చాలాసార్లు తోచింది. సంత దృశ్యాన్ని కథ మొదటికి తేవాలనిపించినప్పుడు మాత్రం కత్తెర, జిగురు తప్పలేదు. ఆరో పేజీలో ఎనుము నొసట ఉన్న తెల్లమచ్చ పంతొమ్మిదో పేజీలో తోక మీదికి చేరింది. నోట్‌బుక్కులో వెతికిపెట్టే మీట ఉండదు కనుక అట్ట లోపలివైపు పేర్లు, గుర్తులు, వయసులు రాసుకున్నాను.

పని ఆగిన ఒక మధ్యాహ్నం, సి.పి. బ్రౌన్ బంగళా ఉండిన చోట కట్టిన గ్రంథాలయానికి వెళ్లాను. తాళపత్రాల మీద గంటంతో గీసిన అక్షరాన్ని చెరిపి మళ్లీ గీయడం కుదరదు. అటువంటి ప్రతులను సేకరించి, సొంత ఖర్చుతో పండితులను పెట్టి, బ్రౌన్ ఈ ఊళ్లోనే వాటికి శుద్ధప్రతులు రాయించాడు. ఎవరో చెప్పినదాన్ని రోజంతా కూర్చుని తప్పు లేకుండా ఎత్తిరాసిన ఆ చేతుల ముందు నా వేళ్ల నొప్పిని గురించి మాట్లాడటానికి సిగ్గుపడ్డాను.

ఆ తర్వాతే శుద్ధప్రతికి కూర్చున్నాను. పత్రికలు పూర్వం అడిగినట్టే అరఠావుల మీద, అంటే పెద్ద కాగితాన్ని సగానికి చేసిన ముక్కల మీద, ఒక వైపే, ఎడమన మార్జిన్ వదిలి రాశాను. తొమ్మిది రోజులు పట్టింది. తెరమీద అయితే ఎంత పొడుగు వాక్యమైనా శ్రమ లేకుండా నిలిచిపోతుంది. ఇక్కడ ప్రతి విశేషణాన్నీ రెండోసారి మోయాలి కనుక చేయి దానంతట అదే బరువు తగ్గించుకుంది. ఎండను వర్ణించిన పేరా మొత్తం అలా పోయింది, దాని లోటు ఎవరికీ తెలియలేదు. నా బద్ధకం నాకు చేసిన ఉపకారాలలో ఇదొకటి.

చివరికి డీటీపీకి ఇవ్వక తప్పలేదు. నా రాతలో మ, య ఒకేలా ఉంటాయని ఆపరేటరు చెప్పేదాకా నాకు తెలియదు. ప్రూఫులో అంతకంటే పెద్ద సంగతి కనిపించింది: పోతాండావు అన్నచోటల్లా పోతున్నావు ఉంది. అడిగితే ఆయన నొచ్చుకుంటూ, 'తప్పు పడిందేమోనని నేనే సరిచేసినాను సార్' అన్నాడు. ఆయనదీ మా జిల్లానే. పక్కన కుర్చీ వేసుకుని అవ్వ మాటలన్నీ పైకి చదివాను. రెండో పేజీ దాటాక ఆయన కాగితం వైపు చూడటం మానేసి, విన్నది విన్నట్టే కొడుతూ పోయాడు.