వార్మప్ రూమ్‌లో కార్డు పట్టుకుని: నా అనుభవం

టీవీలో వెయిట్‌లిఫ్టింగ్ చూస్తే ఒక్కో లిఫ్టర్‌వి ఆరు లిఫ్టులే కనిపిస్తాయి: మూడు స్నాచ్ (బార్‌ని నేల నుంచి ఒకే ఊపులో తల మీదకి ఎత్తడం), మూడు క్లీన్ అండ్ జర్క్ (ముందు భుజాల మీదకి, అక్కడి నుంచి తల మీదకి). మిగతాదంతా వెనక వార్మప్ రూమ్‌లో, కోచ్ చేతిలోని లెక్క మీద నడుస్తుంది. అంతర్జాతీయ పోటీల్లో అమ్మాయిల కార్డు, అంటే ఎత్తబోయే బరువులు రాసే చీటీ, నేను చూసుకునే పద్ధతి ఇది.

పోటీకి 2 గంటల ముందు తూకం మొదలవుతుంది, గంటలో ముగుస్తుంది. 48 కిలోల విభాగంలో 48.05 వచ్చినా వెనక్కి పంపేస్తారు. ఆ గంటలోపు తగ్గించుకుని మళ్లీ ఎక్కొచ్చు. నెలసరి ముందు కొందరికి ఒంట్లో నీరు పట్టి బరువు పెరుగుతుంది కాబట్టి ట్రైనింగ్ డైరీలో ఆ తేదీలు కూడా రాయిస్తాను. పారిస్ ఒలింపిక్స్‌లో నెలసరి మూడో రోజున దిగానని మన లిఫ్టర్ మీరాబాయి చాను పోటీ అయ్యాక తనే చెప్పింది. దీన్ని దాచుకుంటే నష్టపోయేది మనమే.

తూకం అయ్యాక మొదటి స్నాచ్, మొదటి క్లీన్ అండ్ జర్క్ కార్డు మీద రాసి సంతకం చేయాలి. పోటీకి పేరిచ్చేటప్పుడు ఎంట్రీలో 190 టోటల్ (స్నాచ్, జర్క్ రెండూ కలిపి) ఇచ్చి ఉంటే ఈ రెండూ కలిపి 170కి తగ్గకూడదు. ఎంట్రీలో గొప్పకి పోతే ఇక్కడ ఇరుక్కుంటాం. ఒంట్లో బాగోలేని రోజునా ఎత్తగల బరువే మొదటిది కావాలి. రియోలో మీరాబాయికి మూడు జర్కులూ పోయి టోటలే రాలేదు. అదే మనిషి టోక్యోలో 87, 115 ఎత్తి 202తో రజతం తెచ్చింది.

అసలు పని ఇప్పుడు మొదలవుతుంది. మన అమ్మాయి మొదటి స్నాచ్ 80 అనుకుందాం. వార్మప్‌లో 40, 50, 57, 64, 70, 74, 77 ఎత్తిస్తాను. తక్కువ బరువు అడిగినవాళ్లే ముందు ఎత్తుతారు కాబట్టి మా వంతు ఎప్పుడో లెక్కేయొచ్చు. బయట వేదిక మీద మూడు ఎటెంప్టులు (ఎత్తే ప్రయత్నాలు) అయ్యేసరికి లోపల ఒక లిఫ్ట్. ఏడు మూళ్లు ఇరవై ఒకటి కాబట్టి, ఆమె వంతుకి ముందు 21 ఎటెంప్టులు ఉన్నప్పుడు 40 ఎత్తాలి, మూడు ఉన్నప్పుడు 77. బోర్డు చూసి లెక్కేస్తాను: 72తో మొదలుపెట్టే అమ్మాయి 80 లోపే మూడూ వాడేయొచ్చు, 78తో వచ్చే అమ్మాయికి మాత్రం ఒక్కటే.

ఎవరో 76 ఎత్తి ఒక్కసారిగా 82 అడిగితే ఈ లెక్క తారుమారవుతుంది. తొమ్మిది అనుకున్నవి ఏడో ఎనిమిదో అవుతాయి. అప్పుడు మధ్యలో ఒక బరువు వదిలేస్తాను గానీ చివరి 77ని వదలను. ఇంకా టైం కావాలంటే 80ని 81 చేయిస్తాను, 80 అడిగినవాళ్లు ముందు వెళ్తారు. కానీ ఒక్కో ఎటెంప్ట్‌కి రెండు మార్పులే. పిలిచాక గడియారం 60 సెకన్లు, 30 మిగిలాక మార్చనివ్వరు. బార్ మీద బరువు వెనక్కి తగ్గదు కూడా. అలా కాక బయట ఎటెంప్టులు పెరిగి మన వంతే ఆలస్యమైతే, ఒళ్లు చల్లబడకుండా మూడు నిమిషాలకోసారి 70తో ఒక పుల్ (తల మీదకి ఎత్తకుండా పైకి లాగడం మాత్రమే) చేయిస్తే సరిపోతుంది.

లోపల ఇంకో పొరపాటు కూడా జరుగుతుంది. ఆడవాళ్ల బార్ 15 కిలోలు, ప్లేట్లు జారకుండా బిగించే కాలర్లు రెండూ కలిపి 5. అటూ ఇటూ ఎర్ర ప్లేటు 25, తెల్లది 5 వేస్తే 80. హడావిడిలో కాలర్లు పెట్టకపోతే అది 75. దాన్ని తేలిగ్గా ఎత్తేసి ‘ఈరోజు బాగుంది’ అని మురిసిపోయినవాళ్లున్నారు. పసుపు గుర్తున్న బార్ మనది, నీలం గుర్తుది మగవాళ్ల 20 కిలోల బార్. చేతికి లావుగా తగిలిందంటే ఆగి చూసుకోవాల్సిందే.

స్నాచ్ అయ్యాక 10 నిమిషాలే విరామం. జర్క్ మూడో ఎటెంప్ట్ దగ్గరే అసలు తర్జనభర్జన. సిడ్నీ ఒలింపిక్స్‌లో మన కరణం మల్లీశ్వరి 110, 130 ఎత్తి 240 దగ్గరుండగా చివరికి 137.5 అడిగారు. ఎత్తి ఉంటే 247.5, 242.5 చేసిన ఇద్దరినీ దాటి స్వర్ణం. లిఫ్ట్ పోయింది, కాంస్యం దక్కింది. ఆ ఎంపిక తప్పని నేననను. మూడోది పోయినా అంతకుముందు ఎత్తింది ఎక్కడికీ పోదు. అప్పట్లో పెంచితే 2.5 చొప్పునే, ఇప్పుడు 1 కిలో చాలు. పారిస్‌లో మీరాబాయికి కాంస్యం తప్పింది ఆ 1 కిలోతోనే: 199కి 200.

పోటీ అయ్యాక డోప్ పరీక్షకి పిలిస్తే 90 మిల్లీలీటర్ల మూత్రం ఇవ్వాలి. త్వరగా వస్తుందని నీళ్లు దండిగా తాగితే శాంపిల్ పల్చబడుతుంది, మళ్లీ ఇమ్మంటారు. సీలు తీయని బాటిల్ నుంచి కొంచెం కొంచెంగా తాగమని చెప్పి, పక్కన కూర్చుంటాను.