ఇంట్లనే ఉంటవ్ గదా

పిల్లలు పండుకున్నరు, ఈయన కూడా పండుకున్నడు. నాకే నిద్ర వస్తలేదు. కారణం పైనింటక్క.

పొద్దున పదింటికి, ముహూర్తం చూసుకున్నట్టు సరిగ్గ పదింటికే, బెల్లు కొట్టింది. "పార్సిల్ వస్తది, జర తీసి పెట్టు. పైసలు కూడా నువ్వే ఇయ్యి, సాయంత్రం ఇస్త. నువ్వెట్లాగు ఇంట్లనే ఉంటవ్ గదా!"

మా పిల్లలను బడికి పంపం, ఇంట్లనే నేనే చదువు చెప్త. ఆ టైంల పెద్దోనితోని 403 లకెళ్లి 178 తీసే లెక్క నడుస్తున్నది. మధ్యల సున్నా ఉన్న తీసివేత ఎంత తంటానో చెప్పించినోళ్లకే ఎరుక. మూడులకెళ్లి ఎనిమిది పోదు. పక్కకు అప్పుకు పోతే అక్కడ సున్నా కూసున్నది. ఆ సున్నా నాలుగు దగ్గర అప్పు తేవాలె, తెచ్చిన పదిలకెళ్లి ఒకటి ఇటు ఇచ్చి తను తొమ్మిదితోని సర్దుకోవాలె. వాడు నాలుగును కొట్టేసి మూడు రాసిండు, సున్నా నెత్తి మీద పది పెట్టిండు, ఇగ ఆ పదిని తొమ్మిది చేసుడే తరువాయి... అప్పుడే బెల్లు. నేను పోయి వచ్చేటాళ్లకు 375 అని రాసి, నోట్‌బుక్ మూసి, మంచం కింద బంతి దేవులాడుతున్నడు. ఎట్లొచ్చిందిరా అంటే, "పెద్దదాంట్లకెళ్లి చిన్నది తీసిన, అయిపాయె" అన్నడు. మళ్ల కూసోబెట్టి 225 తెప్పించేసరికి గంట పోయింది, నా గొంతు కూడా పోయింది.

పార్సిల్ వచ్చింది, తీసుకున్న. ఏం చేస్తం.

అదైనంక వదినె ఫోన్. సుబేదారిల టైలర్ దగ్గర ఆమె బ్లౌజులు కుట్టుడైపోయినయట, నేను పోయి తేవాలెనట. ఎందుకంటే నేను ఇంట్లనే ఉంట! పనిల పనిగ, "పిల్లలను ఇట్ల ఇంట్ల పెట్టుకుంటే రేపు పదో తరగతి ఎట్ల రాస్తరు?" అని కూడా అడిగింది. ఇంతకుముందు చెప్పిందే మళ్ల చెప్పిన. ఎన్‌ఐఓఎస్‌ అని సర్కారు ఓపెన్ స్కూల్ బోర్డు ఉన్నది, అండ్ల చిన్నపిల్లలకు ఓపెన్ బేసిక్ ఎడ్యుకేషన్ అని ఉంటది, ఎ, బి, సి లెవెల్స్ అంటే మూడు, అయిదు, ఎనిమిది తరగతులతోని సమానం, పద్నాలుగేండ్లు నిండితే పది రాయొచ్చు అని. "మరి చట్టం?" అన్నది. 2009ల వచ్చిన విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేండ్ల పిల్లలకు బడి హక్కు అని చెప్తది, ఇంట్ల చదువుకునేటోళ్ల ముచ్చట అండ్ల లేదు. ఇదంతా ఇని, "సరే గని, నాలుగు లోపల పో, తర్వాత టైలర్ ఉండడు" అన్నది.

టైలర్ దగ్గరకు పోయే దారిల చిన్నది ఆగి ఉన్న బస్సు బోర్డు మీద "పరకాల" అని చదివింది. ఎవ్వరూ చెప్పకుండ. దాని వెనక బస్సుది "నర్సంపేట". ఆ ర కింద స దగ్గర జర తడబడి, మింగి, మళ్ల మొదటికెళ్లి చదివింది. సంతోషమే. కని అప్పటికి నా కోపం ఇంకా దిగలేదు, "ఆఁ, మంచిగ చదివినవ్" అని చెయ్యి పట్టుకొని గుంజుకపోయిన.

ఈ లెక్కల గొడవల బాపు యాదికొచ్చిండు. మిర్చి ఎనుమాముల మార్కెట్ల అమ్మి వచ్చినప్పుడల్లా అంగీ జేబుల తక్‌పట్టీ, అంటే సరుకు అమ్మించే అడ్తి సారు రాసిచ్చిన లెక్క చీటీ, ఉండేది. మడత ఇప్పంగనే ఘాటుకు తుమ్ములు. అన్నం తిన్నంక బల్బు కిందికి పిలిచి, "బిడ్డా, అడ్తి సారు ఎంత కట్టిండో చూడు" అనేటోడు. క్వింటాలుకు 2,400 అయితే మీద ఉన్న నలభై కిలోలకు ఎంత? 960. అండ్లకెళ్లి కమీషన్, హమాలీ, తూకమేసే దడ్వాయి కూలీ తీసెయ్యాలె. నేను పలక మీద కట్టుకుంట పోతుంటే బాపు నోట్లనే లెక్క పెట్టుకునేటోడు, పావు ఎక్కం, ముప్పావు ఎక్కం ఆయనకు నోటికే వచ్చు. నా లెక్క, అడ్తి సారు లెక్క ఎప్పుడూ ఒక్కటే వచ్చేది. అప్పుడు బాపు మొఖం జర చిన్నబోయేది. ఒక్కసారన్న తప్పు దొరుకుతదని ఆయన ఆశ! దొరికితే పొద్దున ఫస్టు బస్సుకే పోయేటోడు.

ఇది రాసుకుంట రాసుకుంట, ఫ్రిజ్ మీది టైంటేబుల్ చింపేద్దాం అనిపించింది. పది నుంచి పదకొండు లెక్కలు, పదకొండు నుంచి తెలుగు... బాపుకు ఏ టైంటేబుల్ ఉండె? తమ్మునికి చెప్పి ఈ యేటి తక్‌పట్టీ ఫొటో తెప్పించి పెద్దోని ముందట పెడితే వాడే కూసుంటడు గదా.

కాదు. ఎక్కడనో లెక్క తప్పుతున్న. బాపు రాత్రి అడిగిన లెక్క నాకు వచ్చిందంటే పొద్దున సర్కారు బళ్లె మా టీచరమ్మ గుణకారం రుబ్బి రుబ్బి చెప్పింది కాబట్టే. బాపుది పైపై ముచ్చట, అసలు కష్టం ఆమెది. ఆమె క్లాసులకు ఎవ్వరన్న వచ్చి "పార్సిల్ వస్తది, జర తీసి పెట్టు" అన్నరా? అనేటోళ్లా? గేటు దగ్గరనే ఆపేటోళ్లు. బడికి గంట ఉన్నది, గేటున్నది. మా ఇంటికి బెల్లు ఒక్కటే ఉన్నది, అది కూడా బయటోళ్ల చేతుల.

టైంటేబుల్ ఉండనీ. తక్‌పట్టీ కూడా తెప్పిస్త, ఆదివారానికి.

పొద్దున ఈయనతోని బెల్లు స్విచ్ తీపియ్యాలె. "మరి పాలాయన వస్తే?" అంటడు, నాకు తెలుసు. పాలాయన ఆరింటికి వస్తడు, పదింటికి కాదు. పైనింటక్కకు మాత్రం నేనే చెప్పాలె, ఒంటిగంట దాకా నేను ఇంట్ల లేనట్టే అనుకొమ్మని. ఆమె నవ్వుతది. పార్సిల్ పైసలు 640 ఇంకా ఇయ్యలేదు, ముందు అయి తీసుకొని తర్వాత చెప్త.